మెయిన్ బ్రేకర్, ఐసోలేటర్ సైజు ఎంచుకోవడం ఎలా: విశాఖ ఇళ్ళకు, అపార్ట్‌మెంట్లకు సమగ్ర మార్గదర్శి

ఎండాకాలం వస్తే విశాఖలో ఏ ఎలక్ట్రికల్ షాపు దగ్గర నిలబడినా ఒక మాట వినిపిస్తుంది: "మూడో ఏసీ వేయగానే మెయిన్ పడిపోతోంది. 32 తీసేసి 63 ఇవ్వండి." షాపువాళ్ళు ఇచ్చేస్తారు, ఎలక్ట్రీషియన్ బిగించేస్తాడు, ఆ రాత్రి మూడు ఏసీలూ నడుస్తాయి. గోడలో ఉన్న 6 స్క్వేర్ ఎంఎం వైరు మాత్రం మారలేదు. మోయగలిగినదానికి రెట్టింపు కరెంటు వెళ్ళినా ఆపేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. ఇన్సులేషన్ మెల్లగా గట్టిపడుతుంది, పగులుతుంది, ఒక రోజు పైపులోపలే కాలుతుంది.

మెయిన్ బ్రేకర్ ఉన్నది ఏసీని కాపాడడానికి కాదు, తన కింద ఉన్న కేబుల్‌ని కాపాడడానికి. లోడు లెక్క వేసేదీ, కేబుల్ ఎంచేదీ, చివర బ్రేకర్ కొనేదీ ఈ ఒక్క ఉద్దేశంతోనే. అందుకే ఈ పని వరస తప్పకూడదు: ముందు లోడు, తర్వాత కేబుల్, ఆ రెంటి మధ్య ఇమిడేలా బ్రేకర్. సూత్రం చిన్నదే. ఇంట్లో నడిచే గరిష్ఠ కరెంటు బ్రేకర్ రేటింగ్‌ని మించకూడదు. బ్రేకర్ రేటింగ్ కేబుల్ నిజంగా మోయగలిగే కరెంటుని మించకూడదు. రెండో వాక్యంలోని "నిజంగా" అన్న మాట దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. దాని సంగతి రెండో అడుగులో వస్తుంది.

మొదటి అడుగు: లోడు, గంటల వారీగా

ఎంవీపీ కాలనీలో మూడు పడగ్గదుల ఫ్లాటు ఒకటి అనుకుందాం. ఒకటిన్నర టన్ను ఏసీలు మూడు, ఒక్కోటి 1.6 కిలోవాట్లు. గీజర్లు రెండు, ఒక్కోటి 2 కిలోవాట్లు. ఇండక్షన్ పొయ్యి 2, నీళ్ళు వేడి చేసే వాషింగ్ మెషిన్ 2, ఒక హెచ్‌పీ నీళ్ళ మోటారు 1.1, ఇస్త్రీపెట్టె 1, మిక్సీ 0.75, ఫ్రిజ్ 0.25, లైట్లు ఫ్యాన్లు 0.8, టీవీ వగైరా 0.5. అన్నీ కలిపితే 17.2 కిలోవాట్లు.

ఇది కనెక్టెడ్ లోడు. ఇదంతా ఒకేసారి నడిచే క్షణం రాదు. కాబట్టి కాగితం మీద ఇంటి రోజుని రాయండి. మే నెల రాత్రి ఎనిమిదింటికి మూడు ఏసీలు, ఇండక్షన్, వాషింగ్ మెషిన్, ఇస్త్రీ, లైట్లు, ఫ్రిజ్ నడిస్తే 10.85 కిలోవాట్లు. జనవరి ఉదయం రెండు గీజర్లు, ఇండక్షన్, మిక్సీ, మోటారు, లైట్లు కలిస్తే 9 కిలోవాట్ల లోపే. రెంటిలో పెద్దది తీసుకోండి, అంటే 11 కిలోవాట్లు. పుస్తకంలోని డైవర్సిటీ ఫ్యాక్టర్ (మొత్తం లోడులో ఒకేసారి నడిచే వంతు) కంటే ఇలా గంటల వారీగా రాసిన లెక్కనే నేను ఎక్కువ నమ్ముతాను. ఇంటి ఆడవాళ్ళని అడిగితే ఏది ఎప్పుడు నడుస్తుందో ఏ పట్టికా చెప్పనంత కచ్చితంగా చెబుతారు.

ఇప్పటికే నడుస్తున్న ఇల్లయితే ఇంకా మంచిది. మే నెలలో రాత్రి ఏడు నుంచి పది మధ్య క్లాంప్ మీటరు (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటరు) పెట్టి ఒక్కో ఫేజు కరెంటు రాసుకోండి. అంచనా కంటే కొలత ఎప్పుడూ మేలు.

వాట్లని ఆంపియర్లుగా మార్చాలి. సింగిల్ ఫేజులో వాట్లని 230 వోల్టులతో, పవర్ ఫ్యాక్టర్‌తో (వచ్చే కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) భాగిస్తే చాలు. 11,000 వాట్లు, పవర్ ఫ్యాక్టర్ 0.95 అయితే 50 ఆంపియర్లు. ఒక ఇంటికి ఒకే ఫేజు మీద ఇంత లోడు పెట్టడం సరికాదు, త్రీ ఫేజ్ కనెక్షన్ తీసుకోవాలి. మన కరెంటు పంపిణీ సంస్థ (డిస్కమ్) ఏపీఈపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో కాంట్రాక్టెడ్ లోడు, అంటే వాళ్ళ దగ్గర మన పేరున రాసి ఉన్న లోడు, పెంచుకునే పని కూడా ఇక్కడే ముగించండి. మెయిన్ పెంచి కాంట్రాక్టెడ్ లోడు పాతదే ఉంచితే బయటి సర్వీస్ వైరు, మీటరు పాత లెక్కలోనే ఉంటాయి.

త్రీ ఫేజులో 1.732, 400, 0.95 మూడింటి గుణింతంతో భాగిస్తే 16.7 ఆంపియర్లు వస్తుంది. ఇది చూసి 20 ఆంపియర్ల మెయిన్ చాలనుకోకండి. 16.7 అనేది లోడు మూడు ఫేజుల మీదా సమానంగా పడితేనే. ఇంట్లో ఎప్పుడూ అలా పడదు. లెక్క బాగా బరువుగా ఉన్న ఫేజుకి వేయాలి.

అందుకే పంపకం ముందు ఆలోచించాలి. ఒక ఫేజు మీద ఒక ఏసీ, రెండు గీజర్లూ పెట్టండి. మన ఊళ్ళో ఏసీ జోరుగా నడిచే కాలంలో గీజర్ అవసరం తక్కువ, గీజర్ కావలసిన డిసెంబర్, జనవరిలో ఏసీ ఆగి ఉంటుంది. ఒకటి ఉన్నప్పుడు రెండోది ఉండదు కాబట్టి ఆ ఫేజు తేలికగా నడుస్తుంది. రెండో ఫేజుకి ఒక ఏసీ, వంటగది మొత్తం, టీవీ. మూడోదానికి ఒక ఏసీ, వాషింగ్ మెషిన్, మోటారు, ఇస్త్రీ. లైట్లు ఫ్యాన్లు మొదటి, మూడో ఫేజుల మీద సగం సగం. ఇప్పుడు రెండో ఫేజు మీద అన్నీ నడిస్తే 5.1 కిలోవాట్లు, అంటే 23 ఆంపియర్లు. మూడోదాని మీద ఇస్త్రీతో సహా అన్నీ కలిసినా 6.1 కిలోవాట్లు, 28 ఆంపియర్లు. 28కి పైన దొరికే ప్రామాణిక సైజు 32. ఎమ్‌సీబీలు (లోడు మించినా, షార్ట్ అయినా తమంతట తామే పడిపోయే చిన్న బ్రేకర్లు) 6, 10, 16, 20, 25, 32, 40, 50, 63 ఆంపియర్లలో వస్తాయి.

రెండో అడుగు: కేబుల్ నిజంగా ఎంత మోస్తుంది

పీవీసీ ఇన్సులేషన్ ఉన్న రాగి వైర్లు, గోడ మీద పైపులో, మూడు ఫేజులూ లోడులో ఉంటే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఈసీ పట్టిక ప్రకారం 4 స్క్వేర్ ఎంఎం 28 ఆంపియర్లు, 6 అయితే 36, 10 అయితే 50, 16 అయితే 68 మోస్తాయి. ఈ అంకెలు చుట్టూ గాలి 30 డిగ్రీలు ఉన్నప్పటివి. మన నగరంలో మే మధ్యాహ్నం మేడ మీది పైపులో, పడమటి గోడలో, లిఫ్టు పక్క షాఫ్టులో 30 డిగ్రీలు ఎక్కడుంటాయి? 40 డిగ్రీలకు 0.87తో గుణించాలి, 45కి 0.79తో.

6 వైరు తీసుకోండి. 36ని 0.87తో గుణిస్తే 31.3. బ్రేకర్ 32. తేడా ముప్పావు ఆంపియరే కదా అనిపిస్తుంది కానీ నియమం తప్పింది. పైగా అదే పైపులో పక్క ఫ్లాటు కేబుల్ కూడా వస్తే, రెండు సర్క్యూట్లు కలిసినందుకు ఇంకో 0.8 తగ్గింపు. అప్పుడు 6 వైరు 25 ఆంపియర్లకి దిగిపోతుంది. 10 వైరు అయితే 40 డిగ్రీల్లో 43.5 ఆంపియర్లు, పక్కన ఇంకో సర్క్యూట్ ఉన్నా 34.8. రెండు సందర్భాల్లోనూ 32 బ్రేకర్ దాన్ని కాపాడగలదు. కాబట్టి మీటరు నుంచి ఫ్లాటు బోర్డు దాకా 10 స్క్వేర్ ఎంఎం రాగి వేయాలి. ఖర్చు కాస్త పెరుగుతుంది, కానీ గోడలో ఒకసారి పెట్టాక మార్చేది కాదు.

వోల్టేజి తగ్గుదల కూడా చూసేయండి. సింగిల్ ఫేజు లెక్కన 10 రాగికి ఆంపియరుకి, మీటరుకి సుమారు 4.4 మిల్లీవోల్టులు. 25 ఆంపియర్లు, 35 మీటర్లు అయితే 4 వోల్టుల లోపే. ఇబ్బంది లేదు.

మూడో అడుగు: బ్రేకర్ మీద రాసిన అంకె అర్థం

32 అని రాసిన ఎమ్‌సీబీ 32 దాటిన క్షణం పడిపోదు. ప్రమాణం ప్రకారం 1.13 రెట్లు, అంటే 36 ఆంపియర్ల దాకా గంటసేపు పడకూడదు. 1.45 రెట్లు, అంటే 46 దగ్గర గంటలోపు పడాలి. కేబుల్‌కి ఆ మాత్రం ఓర్పు ఉంటుందనే లెక్క మీదే ఈ నియమాలు నడుస్తాయి. కేబుల్‌ని సన్నగా వేసి బ్రేకర్‌ని పెంచితే ఆ ఓర్పు మిగలదు.

ఇళ్ళకి వాడే ఎమ్‌సీబీలు 30 డిగ్రీల దగ్గర సరిచూసినవి. బోర్డు లోపల 50 డిగ్రీలు ఉంటే అదే బ్రేకర్ ఇంకా తక్కువ కరెంటుకే పడుతుంది. ఎంత తక్కువ అనేది కంపెనీ ఇచ్చే పట్టికలో ఉంటుంది. మధ్యాహ్నం ఎండ నేరుగా తగిలే ఇనుప మీటరు పెట్టెలో మెయిన్ ఊరికే పడుతోందంటే, సైజు పెంచే ముందు ఆ పెట్టెకి నీడ, గాలి ఉన్నాయా చూడండి. టెర్మినల్ స్క్రూ వదులుగా ఉండి వేడెక్కినా ఇదే లక్షణం కనిపిస్తుంది. నేను చూసిన "మెయిన్ పడిపోతోంది" ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఈ వదులు స్క్రూనే.

కర్వ్ సంగతి, అంటే రేటింగ్‌కి ఎన్ని రెట్ల కరెంటుకి బ్రేకర్ తక్షణం పడుతుందనేది, త్వరగా చెబుతాను. సీ కర్వ్ తీసుకోండి. రేటింగ్‌కి 5 నుంచి 10 రెట్ల మధ్య అది తక్షణం పడుతుంది కాబట్టి ఏసీ, ఫ్రిజ్, మోటారు మొదలయ్యేటప్పటి ఊపుని తట్టుకుంటుంది. బీ కర్వ్ 3 నుంచి 5 రెట్లకే పడుతుంది. డీ కర్వ్ పెద్ద మోటార్లకి, ట్రాన్స్‌ఫార్మర్లకి, ఇంటి మెయిన్‌కి అవసరం లేదు.

నాలుగో అడుగు: కిలో ఆంపియర్లు

బ్రేకర్ మీద దీర్ఘచతురస్రంలో 6000 లేదా 10000 అని ఉంటుంది. షార్ట్ సర్క్యూట్ వచ్చినప్పుడు తాను పగలకుండా ఎంత కరెంటుని తెంపగలదో ఆ అంకె చెబుతుంది. దీన్ని ఎవరూ అడగరు. అడగాలి.

లెక్క సులువే. ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి లోడు కరెంటుని దాని ఇంపీడెన్స్ (కరెంటుకి అది చూపే అడ్డు) శాతంతో భాగించాలి. 433 వోల్టుల 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి కరెంటు 133 ఆంపియర్లు. ఇంపీడెన్స్ 4.5 శాతం అయితే దాని టెర్మినల్స్ దగ్గర సుమారు 3 కిలో ఆంపియర్లు. అదే శాతంతో 315 కేవీఏ అయితే 9.3, 500 కేవీఏ అయితే 14.8. అసలు శాతం నేమ్ ప్లేటు మీద ఉంటుంది. కేబుల్ పొడవు పెరిగేకొద్దీ ఈ కరెంటు తగ్గుతుంది.

పెందుర్తి శివార్లలో దూరంగా ఉన్న చిన్న ట్రాన్స్‌ఫార్మర్ నుంచి సన్నని లైను మీద వచ్చే ఇంటికి 6 కేఏ (కిలో ఆంపియర్లు, అంటే 6000) సరిపోతుంది. నగరం మధ్యలో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కనే అపార్ట్‌మెంటు ఉంటే కథ వేరు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి వెళ్ళాక విశాఖలో చాలా ప్రాంతాలకు భూగర్భ కేబుళ్ళు వచ్చాయి. లావు కేబుల్ అంటే తక్కువ ఇంపీడెన్స్, షార్ట్ అయినప్పుడు ఎక్కువ కరెంటు. పదేళ్ళ కిందట మీ వీధిలో వేసిన లెక్క ఇప్పుడు పనికొస్తుందని అనుకోవద్దు. ఇంటికైనా 10 కేఏ కొనమనే నా సలహా. ధరలో తేడా స్వల్పం.

ఐసోలేటర్ ఎక్కడ, ఎమ్‌సీబీ ఎక్కడ

ఈ రెండూ చూడడానికి ఒకేలా ఉంటాయి, ఒకే రైలు మీద కూర్చుంటాయి. ఐసోలేటర్ చేత్తో వేస్తే పడే స్విచ్చు మాత్రమే. లోపల వేడికి వంగే పట్టీ లేదు, అయస్కాంతపు కాయిల్ లేదు. ఎంత కరెంటు వెళ్ళినా తనంతట తాను పడదు. ఎమ్‌సీబీ ఐసోలేటర్‌గా పనికొస్తుంది. ఐసోలేటర్ ఎమ్‌సీబీగా పనికిరాదు.

మీటరు దగ్గర 32 ఆంపియర్ల ఫోర్ పోల్ (మూడు ఫేజులనీ న్యూట్రల్‌నీ కలిపి తెంపే) ఎమ్‌సీబీ ఉండి పైకి వచ్చే కేబుల్‌ని కాపాడుతుంటే, ఫ్లాటులోని బోర్డులో మెయిన్‌గా 40 ఆంపియర్ల ఐసోలేటర్ చాలు. మీటరు దగ్గర పాతకాలపు కటౌట్ ఫ్యూజు మాత్రమే ఉండి, అందులో ఏ వైరు చుట్టారో తెలియకపోతే, బోర్డులో ఐసోలేటర్ పెట్టడం తప్పు. అక్కడ ఎమ్‌సీబీయే ఉండాలి. కేబుల్ మొదలయ్యే చోట కూడా ఒక ఎమ్‌సీబీ అడిగి పెట్టించాలి. మీటరుకి ముందున్న భాగం డిస్కమ్‌ది, సీలు ఉంటుంది. దాన్ని మన ఎలక్ట్రీషియన్ ముట్టుకోకూడదు.

ఐసోలేటర్ రేటింగ్ పైనున్న బ్రేకర్ రేటింగ్‌కి సమానమో ఎక్కువో ఉండాలి. తక్కువ ఉండకూడదు. ఎర్తుకి కరెంటు లీకైతే పడిపోయే ఆర్‌సీసీబీకీ ఇదే నియమం, దానికీ ఓవర్‌లోడ్ రక్షణ లేదు. 32 ఎమ్‌సీబీ కింద 40 ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టండి. మోటారు దగ్గర, లిఫ్టు గదిలో పెట్టే ఐసోలేటర్ అయితే దాని మీద ఏసీ-23 అనే కేటగిరీ (ఇక్కడ ఏసీ అంటే ఆల్టర్నేటింగ్ కరెంటు) ఉందో లేదో చూడండి. మోటారు నడుస్తుండగా తెంపగల స్విచ్చుకి ఆ గుర్తు ఉంటుంది. మామూలు మిశ్రమ లోడుకి ఏసీ-22 సరిపోతుంది. మేడ మీద ఏసీ అవుట్‌డోర్ యూనిట్ల పక్కన తాళం వేసే వీలున్న ఐసోలేటర్ ఉండాలి. మెకానిక్ పైన పని చేస్తుండగా కింద ఎవరో "కరెంటు పోయిందేంటి" అని బ్రేకర్ లేపేస్తారు. తాళం ఉంటే ఆ ప్రమాదం ఉండదు.

మేడ మీద సోలార్ ఉంటే డీసీ వైపు మామూలు ఐసోలేటర్ ఎట్టి పరిస్థితుల్లోనూ వాడవద్దు. మన కరెంటు సెకనుకి వంద సార్లు సున్నాకి వస్తుంది కాబట్టి స్విచ్చులో లేచిన మంట ఆరిపోతుంది. డీసీకి ఆ సున్నా రాదు. మంట అలాగే నిలబడి స్విచ్చుని కరిగించేస్తుంది. డీసీ రేటింగ్ రాసి ఉన్నదే కొనాలి. సోలార్ కలిశాక బోర్డులో బ్రేకర్లన్నిటికీ కరెంటు పంచే లోహపు పట్టీని, అంటే బస్‌బార్‌ని కూడా మళ్ళీ చూడాలి. మెయిన్ నుంచి 32, సోలార్ బ్రేకర్ నుంచి 16 కలిస్తే బస్‌బార్ మీద 48 ఆంపియర్లు వెళ్ళినా ఏ బ్రేకరూ పడదు. బస్‌బార్ 63ది అయితే సరే.

ఎన్ని పోల్స్

త్రీ ఫేజ్ ఇంటికి ఫోర్ పోల్, సింగిల్ ఫేజ్‌కి డబుల్ పోల్ తీసుకోండి. న్యూట్రల్ కూడా తెగితేనే పని చేసేవాడికి నిజమైన భద్రత. అయితే న్యూట్రల్‌లో విడిగా ఫ్యూజు గానీ, సింగిల్ పోల్ స్విచ్చు గానీ పెట్టకూడదు. ఫేజులు ఉండగా న్యూట్రల్ ఒక్కటే తెగితే, తక్కువ లోడున్న ఫేజు మీద వోల్టేజి 230 దాటి 400 వైపు ఎగబాకుతుంది, టీవీ, ఫ్రిజ్ బోర్డులు ఒక్క నిమిషంలో పోతాయి. తుఫాను తర్వాత లైన్లు తెగి అతుకులు వేసే రోజుల్లో ఇది ఎక్కువ. మెయిన్ తర్వాత ఓవర్ వోల్టేజి, అండర్ వోల్టేజి రిలే ఒకటి పెట్టించుకుంటే మంచిది. జనరేటర్ ఉంటే ఛేంజోవర్ (లైను నుంచి జనరేటర్‌కి మార్చే స్విచ్చు) కూడా ఫోర్ పోలే.

ఎర్తు, ఆర్‌సీసీబీ: మెయిన్ చేయలేని పని

సీ కర్వ్ 32 ఎమ్‌సీబీ తక్షణం కచ్చితంగా పడాలంటే 320 ఆంపియర్లు కావాలి. గీజర్ బాడీకి ఫేజు తగిలింది, మీ ఎర్తు పిట్ నిరోధం 5 ఓమ్‌లు అనుకోండి. 230ని 5తో భాగిస్తే 46 ఆంపియర్లు మాత్రమే వెళ్తాయి. మెయిన్ గంటదాకా పడకపోవచ్చు, అంతసేపూ గీజర్ బాడీ మీద కరెంటు ఉంటుంది. మనిషి ప్రాణం కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. మెయిన్ సైజు ఎంత సరిగ్గా ఎంచినా ఈ పని దానివల్ల కాదు. త్రీ ఫేజ్ బోర్డులో ఫేజుకి ఒకటి చొప్పున మూడు డబుల్ పోల్ ఆర్‌సీసీబీలు పెట్టే బోర్డులు దొరుకుతాయి. ఒక ఫేజులో లీకేజి వస్తే ఇల్లంతా చీకటి కాదు. నేను వాటినే సూచిస్తాను.

అపార్ట్‌మెంటు మెయిన్ ప్యానెల్

పైలాంటి ఫ్లాట్లు ఇరవై ఉన్న భవనం తీసుకుందాం. 11 కిలోవాట్ల చొప్పున 220. ఇన్ని ఇళ్ళ గరిష్ఠాలు ఒకే నిమిషంలో కలవవు. డైవర్సిటీ ఫ్యాక్టర్ 0.45 తీసుకుంటే 99. లిఫ్టు, బోరు, సంపు మోటార్లు, మెట్ల లైట్లకి 12 కలిపితే 111 కిలోవాట్లు. పవర్ ఫ్యాక్టర్ 0.9తో 178 ఆంపియర్లు. అందరూ ఏసీలు వేసే మే రాత్రుల్లో ఈ 0.45 నిలబడుతుందా అన్నది అసోసియేషన్ వాళ్ళు క్లాంప్ మీటరుతో తేల్చుకోవలసిన విషయం. వేడి, ఉక్క ఎక్కువైన మన తీరంలో ఏసీలన్నీ ఒకేసారి నడుస్తాయి కాబట్టి నేను దీన్ని ఇంకా కిందికి దించను.

ఇక్కడ ఎమ్‌సీబీ కాదు, పెద్ద కరెంట్లకి వాడే ఎమ్‌సీసీబీ కావాలి. 250 ఆంపియర్లది, సెట్టింగ్ మార్చుకునే రకం తీసుకుని 0.8 దగ్గర పెడితే 200 అవుతుంది. రేపు లోడు పెరిగితే కేబుల్‌ని మార్చి సెట్టింగ్ పెంచుకోవచ్చు. కేబుల్‌ని మార్చకుండా ఆ నాబ్ ముట్టుకోకూడదు. కేబుల్ అన్ని తగ్గింపుల తర్వాతా కనీసం 200 మోయాలి. ఎవరూ తిప్పకుండా సెట్టింగ్‌కి సీలు వేయించి, తలుపు లోపల కేబుల్ సైజు, సెట్టింగ్ రాసి అంటించండి.

ఒక ఫ్లాటులో షార్ట్ అయితే ఆ ఫ్లాటు బ్రేకరే పడాలి, భవనం మొత్తం ఆగకూడదు. మెయిన్‌కీ కింది బ్రేకర్‌కీ రేటింగ్‌లో పెద్ద తేడా ఉంటే ఓవర్‌లోడ్ వరకు ఇది జరుగుతుంది. పెద్ద షార్ట్‌లో మాత్రం రెండూ పడిపోవచ్చు. ఏ జత ఎంత కరెంటు దాకా విడివిడిగా పనిచేస్తుందో కంపెనీలు పట్టిక ఇస్తాయి. రెండూ ఒకే కంపెనీవి కొనడం ఇందుకే మేలు.

ఉప్పుగాలి

లాసన్స్ బే కాలనీలో, బీచ్ రోడ్డు పొడవునా ఇనుప పెట్టె రెండు మూడు వానాకాలాలకే తుప్పు పడుతుంది. బయట పెట్టే ప్యానెల్‌కి ఐపీ 65 (ధూళి, నీటి చిమ్ములు చొరబడని రేటింగ్) ఉన్న ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్) లేదా పాలీకార్బొనేట్ పెట్టె, కేబుల్ కింది నుంచి రావడం, కేబుల్ చొచ్చే చోటుని మూసే సరైన గ్లాండ్లు అవసరం. పైనుంచి కేబుల్ దింపితే దాని వెంట నీళ్ళు దిగుతాయి. అల్యూమినియం కేబుల్‌ని రాగి బస్‌బార్‌కి బిగించేటప్పుడు బైమెటాలిక్ లగ్గు (రెండు లోహాలూ కలిపి చేసిన అతుకు ముక్క) వాడాలి. లేకపోతే ఉప్పుతేమలో ముందు ఆ అతుకునే తుప్పు తినేస్తుంది, అది వేడెక్కుతుంది. గాజువాక, మల్కాపురం వైపు పరిశ్రమల ధూళి కూడా తోడవుతుంది, తలుపు రబ్బరు ఏటా మార్చండి.

పని లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ చేతే చేయించండి. స్క్రూలని కంపెనీ చెప్పిన టార్క్‌కి బిగించాలి, చేతి అంచనాకి కాదు. పూర్తి లోడు మీద ఒక గంట నడిపి, ఒక్కో టెర్మినల్ వేడిని థర్మల్ కెమెరాతో గానీ ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో గానీ చూడమనండి. పక్క ఫేజుతో సమానంగా లేని టెర్మినల్ దగ్గర కరెంటు ఆపి మళ్ళీ బిగించాలి. ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నెలకొకసారి నొక్కండి. తుఫాన్ల కాలం మొదలయ్యే అక్టోబర్‌కి ముందే మెయిన్ ఒకసారి ఆపి, టెర్మినళ్ళు, గ్లాండ్లు, పెట్టె అడుగున తేమ ఉందేమో చూసుకోండి. నీళ్ళు చేరి తడిసిన బ్రేకర్‌ని ఆరబెట్టి మళ్ళీ వాడవద్దు, కొత్తది వేయండి.